బొమ్మల కార్డులు ఇస్తే ఇక మాటలు రావా? (బాబుకి 3 ఏళ్ల 5 నెలలు)

ఎదురుచూపు | సోమవారం, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా బాబుకి రెండేళ్ల 8 నెలలప్పుడు ఆటిజం అని చెప్పారు. ఏడాది నిండాక "అమ్మ", "తాత", "బూచి" లాంటి ఏడెనిమిది మాటలు వచ్చాయి. ఏడాదిన్నర దాటేసరికి ఒక్కొక్కటే పోయాయి. ఇప్పుడు ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆ వస్తువు మీద పెడతాడు. వాడికి ఏం కావాలో నాకు అర్థం కాకపోతే నేల మీద పడి తల కొట్టుకుంటాడు. బెరా పరీక్ష చేయించాం, వినికిడి బాగానే ఉంది.

7 నెలలుగా స్పీచ్ థెరపీకి వెళ్తున్నాం, వారానికి 2 సెషన్లు. మొన్న థెరపిస్ట్ "బొమ్మల కార్డులతో మొదలుపెడదాం, తర్వాత బొమ్మ నొక్కితే మాట పలికే ట్యాబ్ సంగతి చూద్దాం" అన్నారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. వీడికి ఇక మాటలు రావని ఆవిడ తేల్చేసినట్టేనా? మా అత్తయ్యగారు "కార్డు ఇస్తే పని జరిగిపోతుంటే వాడు నోరెందుకు తెరుస్తాడు?" అంటున్నారు. నిజం చెప్పాలంటే నా భయమూ అదే. మా వారు అటూ ఇటూ తేల్చరు. శుక్రవారం లోపు థెరపిస్ట్‌కి ఏదో ఒకటి చెప్పాలి. ఈ దారిలో నడిచినవాళ్లు ఉంటే చెప్పండి. ఊరికే ధైర్యం చెప్పడానికైతే వద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కొత్తచిగురు | సోమవారం, రాత్రి 11:59

మా పాపకి 3 ఏళ్లు, అచ్చం ఇదే పరిస్థితి. జవాబుల కోసం నేనూ చూస్తుంటాను అక్కా.

పట్టువదలని_నాన్న | మంగళవారం, ఉదయం 7:15

నా అనుభవం వేరు చెల్లెమ్మా. మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు మాక్కూడా కార్డులే చెప్పారు. నేను ఒప్పుకోలేదు. ఏది కావాలన్నా కనీసం మొదటి అక్షరం పలికితేనే ఇచ్చేవాణ్ణి. "నీ" అంటేనే నీళ్ళు, "బం" అంటేనే బంతి. మొదట్లో వాడు చాలా ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, కానీ పట్టు సడలించలేదు. ఆరు నెలల్లో 20 మాటలు పలికాడు. సులువైన దారి చూపిస్తే పిల్లలు కష్టమైన దారిలో ఎందుకు నడుస్తారు? మీ అత్తయ్యగారి మాటలో నాకు తప్పు కనిపించలేదు.

మాటసాయం | మంగళవారం, మధ్యాహ్నం 2:30

ఎదురుచూపు గారూ, నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. 14 ఏళ్లుగా ఈ పిల్లలతోనే పని. మీరు అడిగిన ప్రశ్న నన్ను దాదాపు ప్రతి తల్లీ అడిగింది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మీ బాబు మీ చెయ్యి పట్టుకుని వస్తువు మీద పెడతాడని రాశారు కదా. ఆ సమయంలో వాడు మీ ముఖం చూస్తాడా, మీ చెయ్యి మాత్రమే చూస్తాడా? చాలామంది పిల్లలు చెయ్యి మాత్రమే చూస్తారు. అందనిదాన్ని కర్రతో లాక్కున్నట్టు మీ చెయ్యిని వాడుకుంటారు. "అమ్మ అనే మనిషికి నేను ఒక విషయం చేరవేయాలి, అప్పుడు ఆవిడ ఇస్తుంది" అనే ఎరుక వాళ్లకి ఇంకా కుదరలేదు. మాట దానికి తర్వాతి మెట్టు. మామూలుగా ఎదిగే పిల్లలు ఏడాది అటూ ఇటుగా వేలు చూపించి, మన ముఖం వైపు తిరిగి, మళ్లీ ఆ వస్తువు వైపు చూసి ఈ పని నేర్చేసుకుంటారు. ఇంకా ఒక్క మాట కూడా రాకముందే వాళ్లు సంభాషణ మొదలుపెట్టి ఉంటారు.

కార్డు నేర్పేది సరిగ్గా ఇదే. 1985లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనే ఇద్దరు రూపొందించిన పెక్స్ అనే పద్ధతి ఉంది. మీ థెరపిస్ట్ బహుశా దాన్నే మొదలుపెడతారు. మొదటి దశలో ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు బాబుకి బాగా ఇష్టమైన వస్తువుతో ఎదురుగా కూర్చుంటారు. ఇంకొకరు వెనక ఉండి, బాబు ఆ వస్తువు కోసం చెయ్యి చాచగానే ఆ చేతిని కార్డు వైపు మళ్లించి, ఎదుటివారి చేతిలో పెట్టిస్తారు. వెనకున్నవారు ఒక్క మాట మాట్లాడకూడదు. ముందున్నవారు కార్డు అందగానే వస్తువు ఇచ్చి దాని పేరు పలుకుతారు. "ఏం కావాలి?" అని అడగకూడదు, ఎందుకంటే అడిగితేనే చెప్పాలని వాడికి అలవాటవుతుంది. అడిగించుకోకుండా తానే వచ్చి చెప్పడం ఇక్కడ ముఖ్యం. ప్రతిసారీ వాడు ఒక మనిషి దగ్గరికి వచ్చి, చేతిలో పెట్టి, వెంటనే ఆ మాట వింటాడు. ఇలా రోజుకి ఎన్నోసార్లు.

ఇక "నోరెందుకు తెరుస్తాడు" అనే భయం గురించి. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వడపోశారు. అవి ఆటిజం ఒక్కదాని మీదే చేసినవి కావు, రకరకాల ఎదుగుదల సమస్యలున్నవాళ్లవి. గట్టి ఆధారం ఉన్న 27 మందిలో కార్డులు, సైగలు, పరికరాల వల్ల మాట తగ్గినవారు ఒక్కరూ లేరు. 11 శాతం మందిలో మార్పు రాలేదు. 89 శాతం మందిలో మాట పెరిగింది. చాలామందిలో ఆ పెరుగుదల కొద్దిపాటిదే, అదీ చెప్పాలి. 2014లో కనీ కసారీ బృందం, 5 నుంచి 8 ఏళ్ల వయసులో చాలా తక్కువ మాటలున్న 61 మంది ఆటిజం పిల్లలతో పని చేసింది. మాట్లాడే పరికరాన్ని మొదటి నుంచీ కలిపి థెరపీ ఇచ్చిన పిల్లలు, అది లేకుండా మొదలుపెట్టిన పిల్లల కంటే తమంతట తాము ఎక్కువ చెప్పగలిగారు.

మీ థెరపిస్ట్ ఆశ వదులుకోలేదండీ. మాట వచ్చేదాకా పిల్లవాడిని మూగగా కూర్చోబెట్టకూడదని అనుకుంటున్నారు.

కొత్తచిగురు | మంగళవారం, మధ్యాహ్నం 3:05

మేడం, మా పాప అసలు ముఖం చూడదు, చెయ్యే చూస్తుంది. ఇన్నాళ్లూ నా దగ్గరికి వస్తోంది కదా అని సంతోషపడ్డాను.

మాటసాయం | మంగళవారం, మధ్యాహ్నం 3:20

సంతోషపడండి అమ్మా. తలుపు దగ్గర కూర్చుని ఏడవకుండా మీ దగ్గరికి వస్తోంది. ఆ రావడంలోంచే మిగతాదంతా కట్టుకుంటాం.

ఎదురుచూపు | మంగళవారం, రాత్రి 10:40

మేడం, మీరు రాసింది నాలుగుసార్లు చదివాను, మా వారికీ చదివి వినిపించాను. ఇంకొక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మరి మాట వస్తుందా? వచ్చి పోయిన పిల్లలకి మళ్లీ వస్తుందా?

వెన్నెల | బుధవారం, ఉదయం 6:10

ఎదురుచూపు గారూ, నేను అక్కని. మా తమ్ముడికి ఇప్పుడు 17. మీకు ఏది చెప్పినా నిజమే చెప్పాలని రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

వాడు నోటితో చెప్పే మాటలు 40 దాకా ఉంటాయి. బయటివాళ్లకి వాటిలో సగమే అర్థమవుతాయి. మిగతాదంతా ట్యాబ్‌లోనే చెప్తాడు. వాడి చిన్నప్పుడు మా ఇంట్లో కార్డులు పెట్టలేదు. అమ్మ కూడా మీలాగే భయపడింది. మాట వస్తుంది, వస్తుంది అని ఎనిమిదేళ్లు నిండే వరకు ఎదురుచూశాం.

వాడికి ఏడేళ్లప్పుడు నాలుగు రోజులు అన్నం ముట్టలేదు, చెయ్యి కొరుక్కునేవాడు, దవడ మీద గుద్దుకునేవాడు. మొండితనం అనుకున్నాం. నాన్న ఒకసారి కోప్పడ్డారు కూడా. అయిదో రోజు బుగ్గ వాచాక తెలిసింది, పన్ను పుచ్చి లోపల చీము పట్టిందని. నాలుగు రోజులు ఆ నొప్పితో మా మధ్యే తిరిగాడు, మాలో ఒక్కరికీ చెప్పలేకపోయాడు. ఆ తర్వాతే అమ్మ ట్యాబ్‌కి ఒప్పుకుంది.

తొమ్మిదేళ్లప్పుడు ఒక రాత్రి నా మంచం దగ్గరికి వచ్చి ట్యాబ్‌లో "నొప్పి", "చెవి" అని రెండు బొమ్మలు నొక్కాడు. నేను లైటు వేసి అమ్మని పిలిచాను. అమ్మ ఆ రాత్రి వాడిని ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో. ఆ 40 మాటల్లో చాలా భాగం ట్యాబ్ వచ్చాకే మొదలయ్యాయి. ముందు ట్యాబ్ పలుకుతుంది, వెనకాలే వాడు పలుకుతాడు.

మాట వస్తుందా అని అడిగారు. మా ఇంట్లో మీరనుకునేలా రాలేదు. కానీ నా తమ్ముడు నాతో మాట్లాడతాడు. ఇప్పుడు నన్ను వెనక్కి పంపిస్తే ఆ ట్యాబ్‌ని మూడేళ్లప్పుడే వాడి చేతిలో పెడతాను.

బడిగంట | బుధవారం, ఉదయం 9:00

వెన్నెల గారూ, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను ప్రత్యేక అవసరాల పిల్లలకి పాఠాలు చెప్తాను. తల కొట్టుకోవడం, కొరకడం, గిచ్చడం కనబడితే మా బడిలో ముందు వేసుకునే ప్రశ్న ఒకటే: "వీడు ఏం చెప్పాలనుకుంటున్నాడు?" చెప్పే దారి దొరికిన పిల్లల్లో ఈ ప్రవర్తనలు తగ్గడం నేను మళ్లీ మళ్లీ చూశాను.

మాటసాయం | బుధవారం, మధ్యాహ్నం 1:45

ఎదురుచూపు గారూ, మీ ప్రశ్నకి నాకు తెలిసిన లెక్క ఇది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, నాలుగేళ్లకి అసలు మాట లేని లేదా రెండు మూడు మాటలు కలిపి చెప్పలేని 535 మంది ఆటిజం పిల్లల్ని ఎనిమిదేళ్లు దాటాక చూశారు. వాళ్లలో 70 శాతం మంది కనీసం చిన్న చిన్న వాక్యాలదాకా వచ్చారు, 47 శాతం మంది ధారాళంగా మాట్లాడారు. అంటే నాలుగేళ్లకి రాకపోతే ఇక రాదన్న మాట తప్పు. మరోవైపు, ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు 30 శాతం మంది బడి వయసుకి కూడా అతి తక్కువ మాటలతోనే ఉంటారని పరిశోధకుల అంచనా. మీ బాబు ఏ వైపు ఉంటాడో ఈ వయసులో చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మకండి, నేనన్నా సరే. రెండు వైపులకీ ఈరోజు చేయాల్సిన పని మాత్రం ఒకటే.

పట్టువదలని_నాన్న | బుధవారం, రాత్రి 9:30

వెన్నెల గారు రాసింది చదివాక నా మాట నేను మళ్లీ చూసుకున్నాను. 20 మాటలు పలికాడన్నాను. నిజమే. కానీ మా వాడికి ఇప్పుడు ఏడేళ్లు, నేను వస్తువు చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడితేనే ఆ మాట చెప్తాడు. తనంతట తాను వచ్చి ఎప్పుడూ ఏదీ చెప్పలేదు. కడుపు నొప్పి అని కూడా. నేను నేర్పింది మాట కాదేమో, పాఠం అప్పజెప్పడమేమో అని ఈరోజు మొదటిసారి అనిపించింది. మేడం, ఇప్పుడు చేయగలిగింది ఉందా?

మాటసాయం | బుధవారం, రాత్రి 10:15

ఉంది అన్నగారూ. ఏడేళ్లు ఆలస్యం కాదు, ఇప్పుడే రాశాను కదా, ఆ 61 మంది పిల్లల వయసు 5 నుంచి 8. మీరు వాడి కోసం పడ్డ కష్టం వృథా కాలేదు, ఆ 20 మాటలూ వాడి సొంతం.

ఒక్కటి మార్చి చూడండి. వస్తువు బిగబట్టడం మానేయండి. బదులుగా ఆగండి. ఉయ్యాల ఊపుతూ ఊపుతూ ఆపేసి, ముఖంలో ఎదురుచూపుతో, మనసులో 10 లెక్కపెట్టండి. మన పెద్దవాళ్లకి రెండు సెకన్ల నిశ్శబ్దం కూడా భారమే, వెంటనే "చెప్పు చెప్పు" అంటాం. ఈ పిల్లలకి విన్నది అర్థం చేసుకుని, మాట వెతుక్కుని, నోటిని కదిలించడానికి ఎక్కువ సమయం కావాలి. 10 సెకన్లలో వాడు చూసినా, చెయ్యి కదిపినా, చిన్న శబ్దం చేసినా అది చెప్పినట్టే. వెంటనే "ఊపు!" అని మీరు పలికి ఊపండి. ఏమీ చేయకపోయినా ఊపండి. శిక్షలా మారకూడదు.

ఇంకొకటి, ప్రశ్నలు తగ్గించండి. "ఇదేంటి? ఇది ఏ రంగు? ఇదెవరు?" అని రోజంతా అడిగితే ఇల్లు పరీక్ష హాలు అవుతుంది. వాడు కారు తోస్తుంటే పక్కన కూర్చుని మీరూ ఒక కారు తోస్తూ "పోతోంది... పోతోంది... ఆగింది" అనండి. వాడు ఒక మాట అంటుంటే మీరు రెండు మాటలతో అనండి. రెండు అంటుంటే మూడు.

నిశ్శబ్దరాగం | గురువారం, తెల్లవారుజామున 2:20

నాకు ఆటిజం ఉంది. ఇప్పుడు 31 ఏళ్లు. అయిదేళ్ల దాకా నా సొంత మాట లేదు, విన్న మాటలే ఉండేవి. తల్లిదండ్రులు ఇంత ఆలోచిస్తున్నారు కాబట్టి లోపలి నుంచి ఎలా ఉంటుందో రాస్తున్నాను.

చిన్నప్పుడు నాకు భయం వేసినప్పుడల్లా "అయిపోయింది, అయిపోయింది, అంతే" అనేదాన్నట. ఇంట్లోవాళ్లు అర్థం లేని మాట అనుకుని ఆపమనేవారు. సూది వేసేటప్పుడు నర్సు అన్న మాట అది. నాకు ఆ మాటంతా కలిపి ఒక్కటే, దాని అర్థం "భయమేస్తోంది, తొందరగా అయిపోతే బాగుండు". ఒక్కొక్క పదం విడిగా ఉంటుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పట్లో ఎవరైనా దగ్గరికి తీసుకుని "భయమేస్తోంది" అని నా తరఫున అని ఉంటే, నాకు ఆ మాట అప్పుడే దొరికేది.

కళ్లలోకి చూడమని బలవంతం చేయకండి, ఇది నా విన్నపం. గడ్డం పట్టుకుని ముఖం తిప్పేవారు. ఆ కళ్లని భరించడానికే నా శక్తంతా పోయేది, ఆ తర్వాత ఏం చెప్పారో ఒక్క ముక్క వినపడేది కాదు. నేను కిటికీ వైపు చూస్తున్నప్పుడే బాగా వింటాను. ఇప్పటికీ అంతే.

మాటసాయం | గురువారం, ఉదయం 8:40

నిశ్శబ్దరాగం గారూ, నేను ఏళ్ల తరబడి చెప్పాలని చూస్తున్నది మీరు ఒక్క పేరాలో చెప్పారు.

1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసినప్పుడే, వాళ్లు విన్నది విన్నట్టే తిరిగి అంటారని, "నేను", "నువ్వు" తారుమారవుతాయని గమనించారు. చాలాకాలం దాన్ని అర్థం లేని వల్లింపుగా చూసి మాన్పించాలని చూశారు. 1980లలో బ్యారీ ప్రిజాంట్ లాంటి పరిశోధకులు ఆ వల్లింపులో అడగడం, ఒప్పుకోవడం, తనకి తాను ధైర్యం చెప్పుకోవడం ఉన్నాయని చూపించారు.

మన భాషలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే నేను, నువ్వు అన్నది క్రియ చివరే అంటుకుని ఉంటుంది. అమ్మ ఎప్పుడూ "ఎత్తుకోనా?" అని అడుగుతుంది. బిడ్డ చేతులు చాచి "ఎత్తుకోనా" అంటూ వస్తాడు. "పడుకుంటావా?" అంటూ కళ్లు నులుముకుంటాడు. తప్పు మాట్లాడటం లేదు, ఆ సందర్భానికి తాను విన్న మాటే వాడుతున్నాడు. అందుకే నేను తల్లులకి చెప్పేది, ప్రశ్న అడగకుండా వాడి నోట రావాల్సిన మాట మీరే అనండి. వాడు చేతులు చాచగానే "ఎత్తుకో!" అని ఎత్తుకోండి. "నీళ్ళు కావాలా?" బదులు "నీళ్ళు కావాలి" అని ఇవ్వండి. వాడు రేపు అలాగే వల్లించినా అది సరైన వాక్యమే అవుతుంది.

కొత్తచిగురు | గురువారం, ఉదయం 9:05

మా పాప "ఎత్తుకోనా" అనే అంటుంది! నేను నవ్వి "నువ్వు నన్ను ఎత్తుకుంటావా" అనేదాన్ని. ఈరోజు నుంచి మారుస్తాను.

ఇంకో సందేహం మేడం. మా బంధువులొకరు నాలుక కింద తీగ కోయిస్తే మాటలొస్తాయంటున్నారు. మరొకరు ఇంట్లో ఒకే భాష మాట్లాడమంటున్నారు.

మాటసాయం | గురువారం, ఉదయం 11:30

నాలుక తీగ కొందరిలో కొన్ని అక్షరాల స్పష్టతని అడ్డుకోవచ్చు, అంతే. అసలు మాటే రాకపోవడానికి అది కారణం కాదు. ఊదడం, నాలుక ఆడించడం లాంటి కసరత్తులు కూడా ఒంటిగా మాట తెప్పిస్తాయనడానికి ఆధారం లేదు. రెండు భాషల వల్ల ఆటిజం పిల్లలకి నష్టం జరిగినట్టు ఇప్పటిదాకా జరిగిన అధ్యయనాల్లో కనబడలేదు. మీకు ముద్దు చేయడానికి ఏ భాష వస్తుందో ఆ భాషలో మాట్లాడండి.

బడిగంట | గురువారం, సాయంత్రం 5:10

పరికరాల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. బిడ్డ చెయ్యి పెద్దవాళ్లు పట్టుకుని అక్షరాల మీద నడిపించే పద్ధతులు కొన్ని తిరుగుతున్నాయి. పరీక్షించి చూస్తే ఆ మాటలు చెయ్యి పట్టుకున్నవాళ్లవేనని తేలింది. అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆషా 2018లో వాటిని వాడొద్దని ప్రకటించింది. పెక్స్‌లో కూడా మొదట్లో వెనకనుంచి చెయ్యి పట్టి సాయం చేస్తారు, కానీ ఆ సాయం వీలైనంత త్వరగా తీసేస్తారు. చివరికి మాట బిడ్డదే అయి ఉండాలి.

తాతయ్య_68 | గురువారం, రాత్రి 8:00

ఎదురుచూపు తల్లీ, మీ అత్తయ్యగారి స్థానంలో నేనూ ఉన్నాను. మా మనవరాలికి కార్డులు పెట్టినప్పుడు నేను నానా మాటలూ అన్నాను, మా కోడలు ఏడ్చింది. మాకు ఉన్నది కోపం కాదమ్మా, బెంగ. మేం పోయేలోపు ఆ నోట "తాత" అని వినాలని ఉంటుంది. మీ అత్తయ్యగారితో వాదించకు. ఎదురుగా కూర్చుని కార్డు అందుకునే పని ఆమెకే ఇవ్వు. నన్ను మార్చింది అదే.

ఎదురుచూపు | శుక్రవారం, మధ్యాహ్నం 12:20

థెరపిస్ట్‌కి సరే అని చెప్పాను. వచ్చే వారం మొదలు. బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే మా అత్తయ్యగారిని కూడా సెషన్‌కి తీసుకెళ్తున్నాను. ఏం జరిగినా ఇక్కడికే వచ్చి చెప్తాను.

ఎదురుచూపు | 6 వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:50

వస్తానన్నాను కదా, వచ్చాను.

మొదటి 10 రోజులు చాలా కష్టంగా గడిచాయి. కార్డు విసిరేసేవాడు. అత్తయ్యగారు ఎదురుగా, నేను వెనక. బుడగల సీసా ఒక్కటే వాడికి ప్రాణం కాబట్టి దానితోనే మొదలుపెట్టాం. పదకొండో రోజు నేను చెయ్యి పట్టకుండానే కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ "బుడగలు!" అని ఊది, కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజు ఇద్దరం దాని గురించి ఏమీ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు 5 కార్డులు వాడుతున్నాడు. నిన్న సాయంత్రం అత్తయ్యగారు వేరే గదిలో ఉంటే వెతుక్కుంటూ వెళ్లి, కార్డు ఇచ్చి, ఆవిడ ముఖంలోకి చూశాడట. "బు" అన్నాడట కూడా. నేను వినలేదు, ఆవిడ చెప్పారు. నేను నమ్ముతున్నాను. తల కొట్టుకోవడం ఆగలేదు కానీ బాగా తగ్గింది.

మేడం, రెండు సందేహాలు. కార్డులు నమిలేస్తున్నాడు. బుడగల కార్డు రోజుకి 50 సార్లు తెస్తున్నాడు, ప్రతిసారీ ఇవ్వాలా?

మాటసాయం | ఆదివారం, ఉదయం 7:30

ఇవ్వండి. ఇంకొన్ని వారాలు ఎన్నిసార్లు తెచ్చినా ఇవ్వండి. చెప్తే జరుగుతుందన్న నమ్మకం ఇప్పుడిప్పుడే కుదురుతోంది. ఆ తర్వాత "కాసేపాగు" కార్డు నేర్పుదాం. నమలడానికి వేరే మెత్తటి రబ్బరు వస్తువు మెడలో వేయండి, కార్డులు లామినేట్ చేయించి ఒక్కోదానికి రెండు మూడు కాపీలు ఉంచండి. మీ థెరపిస్ట్‌తో "వద్దు" కార్డు గురించి కూడా మాట్లాడండి, అడగడం ఎంత అవసరమో కాదనడమూ అంతే అవసరం. "బు" అన్న తేదీ ఒక పుస్తకంలో రాసిపెట్టండి.

పట్టువదలని_నాన్న | ఆదివారం, ఉదయం 8:05

చెల్లెమ్మా, మేమూ మొదలుపెట్టాం, ఈరోజుకి నాలుగో రోజు. కార్డులు ఏ సైజులో చేయించారు?